చేరవేసిన తలుపు

బేకరీ వెనక వీధి,
మెట్ల పైన వాటా.

ఒసే కీచూ,

రేడియోలో నిన్నేదో పెద్ద పేరు పెట్టి పిలిచారు. ఆ పేరుతో నాకు పని లేదు. పాలపళ్ళప్పుడే నీ గొంతు కీచుమనేది. కీచు అని పేరు పెట్టింది నేను. నేను అలాగే పిలుస్తాను.

ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. మీ వదిన రాసిపెడతానంది. ఆవిడ చేతిలో పడితే తిట్లన్నీ మెత్తబడిపోతాయని ఇవ్వలేదు. తప్పులుంటే ఉండనీ. మా బేకరీ పొయ్యి ఆరిన రోజులెన్నో నేను బడికి వెళ్ళిన రోజులు అన్ని.

సంగతికి వస్తాను. పని మానేసినా పొద్దునపూట బేకరీలో ఆ మూల బల్ల దగ్గర కూర్చోవడం నాకు అలవాటు. మొన్నా కూర్చున్నాను. ఇస్త్రీ అతను ఉన్నాడు, లెక్కల మాస్టారు ఉన్నాడు, ఓనరు గల్లా దగ్గరున్నాడు. రేడియో పాడుతోంది. అందులో ఒకావిడ నాటకం కట్టిందట. నలుగురే మనుషులట, కథ లేదట, అన్నీ పాఠలేనట, అన్ని పాఠలూ తలుపుల మీదేనట. అందులో మూడో పాఠ తన సొంత కథట. ఇల్లు వదిలి వస్తుంటే తోడబుట్టిన అన్న వెనకాల తలుపు మూసి గడియ పెట్టాడట. "ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉందండీ" అంది ఆవిడ. "మీ అన్నయ్యగారు ఏం చేసేవారు?" అన్నాడు ఆ అడిగేవాడు. "బేకరీలో పొయ్యి దగ్గర పని" అంది.

బన్ను నమలడం ఆపి మరీ అందరూ నా మొహం చూశారు. ఇన్నేళ్ళూ "నా చెల్లెలు పెద్ద పాఠగత్తె" అని ఆ బల్ల దగ్గరే గొప్పలు చెప్పుకున్నాను మరి. ఓనరు రేడియో గొంతు తగ్గించాడు. చావింట్లో తగ్గించినట్టు తగ్గించాడు.

నేను గడియ వెయ్యలేదు.

అంతే. ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పను. చెప్పాల్సిన ఖర్మ నాకు లేదు. వానలు తగ్గాక మీ నాటకం మా టౌన్ హాలుకి వస్తుందని గోడలకి కాగితాలు అంటించారు. వచ్చేలోగా ఆ పాఠ తీసెయ్యి. నువ్వు పాడి రైలెక్కిపోతావు. ఈ వీధిలో బతకాల్సింది నేను.

అయినా కథ లేని నాటకం ఏంటే? పిండి కలపకుండా ట్రే పొయ్యిలో పెట్టినట్టు.

నీ అన్న.


రిహార్సల్ గది,
పాత గోడౌను మేడ.

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు క్షేమంగా ఉన్నారని, మీ కోపం అంతకంటే క్షేమంగా ఉందని తెలిసి సంతోషం.

ముందు ఒక చిన్న విషయం. పాటకి ఒత్తు ఉండదు. మీరు రాసింది పాఠం. నేను బడిపంతుల్ని కాను.

ఇక నాటకం. కథ లేదన్నది నిజమే. స్టేజీ మధ్యలో చట్రంతో సహా ఒక్క తలుపు నిలబడి ఉంటుంది. నలుగురు పాడేవాళ్ళు దాని చుట్టూ తిరుగుతారు. ఒక పాటలో అది ఆసుపత్రి వార్డు తలుపు. ఇంకో పాటలో మధ్యలో ఆగిపోయిన లిఫ్టు తలుపు. ఒక పాటలో స్నానాల గదిలో ఇరుక్కుపోయిన పెళ్ళికొడుకు, దానికి జనం బాగా నవ్వుతారు. ఎవరి కథ వాళ్ళది. పూలన్నీ వేరు, దారం ఒకటే. మీకు అర్థం కాకపోతే అది నాటకం తప్పు కాదు.

మూడో పాట తియ్యను. అన్నిటికీ పునాది అదే. నవ్వే పాటల మధ్య జనం ఊపిరి బిగబట్టి కూర్చునేది ఆ ఒక్కదానికే. మీరు వినలేదు కాబట్టి రాస్తున్నాను.

చేరవేసే తలుపు మాది, చేరనీయని తలుపయింది.
గడియ పడిన గడియలోనే కాలికి దారి తెలిసింది.
వేసినవాడు తోడబుట్టినవాడు,
వెనక్కి తిరిగే పనేముంది?

మీరు గడియ వెయ్యలేదంటారు. నేను రెండో మెట్టు మీద ఉన్నాను. వెనక గడియ లాగిన చప్పుడు నా రెండు చెవులతో విన్నాను. ఇంట్లో ఉన్న ఇనప గడియ అదొక్కటే, దాని చప్పుడు ఇంకో చప్పుడులా ఉండదు. అమ్మ గుడికి వెళ్ళింది, ఇంట్లో ఉన్నది మీరు, నాన్న. నాన్న లోపల కుట్టుమిషను దగ్గరున్నారు. మరి గడియ దానంతటదే పడిందా?

పేరు ఎక్కడా చెప్పలేదు. రేడియోలో కూడా చెప్పలేదు. బేకరీలో అందరూ మిమ్మల్నే చూశారంటే గుమ్మడికాయల దొంగ ఎవరో వాళ్ళకి నేను చెప్పక్కర్లేకపోయింది.

ఇట్లు,
మీ చెల్లెలు.


బేకరీ వెనక వీధి.

కీచూ,

మీరు ఏంటే మీరు? నేనేమన్నా కరెంటు ఆఫీసు గుమాస్తానా? నా భుజమ్మీద ఎక్కి జుట్టు పట్టుకుని ఊరేగినదానివి, "గారు" ఒకటి, "ఇట్లు" ఒకటి. చెప్పుతో కొట్టినా ఇంత మండదు.

నీకది పాట అయితే నాకది పాఠం. నేను ఒత్తు పెట్టే రాస్తాను. నువ్వు దిద్దుకో.

దారం అన్నావు. నాన్న దర్జీ. దారం తెగిన మిషను ఎంత తొక్కినా కుట్టు పడదు, బట్టకి బొక్కలు పడతాయి. నీ నాటకం సంగతి అదే.

ఏమీ చెప్పనని రాశాను. గుమ్మడికాయల దొంగ అన్నావు కాబట్టి చెప్తున్నాను. ఒక్కసారే చెప్తాను, చెవులున్నాయి అంటున్నావుగా, విను.

మనింట్లో గడియ పెట్టే అలవాటు లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు. నేను తెల్లారకముందే పనికి పోవాలి. ఆ ఇనప గడియ లాగితే వీధి వీధంతా లేచేది, అమ్మకి నిద్ర పట్టేది కాదు. అందుకని తలుపు దగ్గరగా లాగి చేరవేసేవాళ్ళం. తోస్తే తెరుచుకునేది. దొంగ వస్తే నాన్న కత్తెర తప్ప ఏముంది ఎత్తుకుపోడానికి?

ఆ సాయంత్రం నువ్వు సంచీ తీసుకుని, నాటకాల కంపెనీలోకి పోతున్నానని చెప్పి గుమ్మం దిగావు. నాన్న లోపల మిషను తొక్కుతున్నారు. తొక్కుతూనే అన్నారు, "ఒరే, గడియ పెట్టరా. మళ్ళీ ఈ తలుపు దానికి తెరుచుకోకూడదు." అని మిషను ఆపారు.

మిషను ఎందుకు ఆపారు? గడియ చప్పుడు వినడానికి. నేను పెడతానో లేదో చూడ్డానికి లేచి రాలేదు, వినడానికి ఆపారు. నాన్న సంగతి నీకు తెలియదా, చూసేది తక్కువ, వినేది ఎక్కువ.

నేను తలుపు లాగాను. వానలకి ఉబ్బి అది ఎప్పుడూ చట్రంలో పూర్తిగా కూర్చునేది కాదు. వేలెడు సందు వదిలేశాను. గడియ లాగాను. చట్రానికున్న ఇనప రింగులోకి అది దూరలేదు. రింగు పక్క నుంచి గాల్లోకి పోయింది. చప్పుడొచ్చింది. లోపల మిషను మళ్ళీ మొదలైంది.

చప్పుడు నాన్నకి. తలుపు నీకు.

తోస్తే తెరుచుకునేది. నువ్వు తోసి చూడలేదు. చిన్నవేలుతో తోసినా చాలు. అమ్మ పోయినప్పుడు వచ్చావు, ఆ రోజు తలుపు బార్లా తీసి ఉంది. వీధిలో నిలబడి చూసి వెళ్ళిపోయావు. గడియ పెట్టిన తలుపులోకి రావు, తెరిచిన తలుపులోకీ రావు. నీకు తలుపు మీద పాఠ రాసే అర్హత ఉందా?

తీసెయ్యి.

నీ అన్న.


రైల్వే స్టేషను వెయిటింగ్ రూము.

అన్నయ్య గారికి,

రైలు ఆలస్యం. అందుకే ఇంత త్వరగా జవాబు.

మీ కథ చదివాను. చాలా బాగుంది. నా నాటకంలో కథ లేదని బాధపడ్డారు కదా, ఇది ఇవ్వండి, పెట్టుకుంటాను.

గడియ గాల్లోకి పోయిందా? నాన్న ఉన్నప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు? పోనీ, ఆయనకి భయపడ్డారనుకుందాం. ఆయన పోయాక? అమ్మ పోయాక? అమ్మ పోయిన రోజు నేను వీధిలో నిలబడి ఉంటే మీరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూశారు. "రావే" అని ఒక్క మాట అన్లేదు. అనలేని నోరు ఇప్పుడు గడియలు, సందులు, ఇనప రింగులు అంటోంది. రేడియోలో పరువు పోయాక నోరు లేచింది.

నిజమే అనుకుందాం. నాకు తెలియడానికి నేను తలుపు తొయ్యాలి. మీకేం తక్కువైంది? నేను నడిచి వెళ్తున్నాను, పరిగెత్తలేదు. వీధి మలుపు ఎంత దూరం? నాన్న మిషను మొదలైందని మీరే రాశారు. రెండంగల్లో వచ్చి, "ఒసే, గడియ పడలేదే" అని చెవిలో చెప్పి వెనక్కి పోలేరా? నాన్నకి చప్పుడు చేసి చూపించిన తెలివి నాకు మాట చెప్పడానికి ఏమైంది?

దీనికి జవాబు రాయండి. ఇనప రింగు గురించి కాదు, దీనికి.

మూడో పాట ఉంటుంది. మీ ఊళ్ళోనూ ఉంటుంది. మీకు టికెట్ పంపడం లేదు. నోరు మూసుకుని కూర్చోగలిగితేనే రండి. కూర్చోలేరని నాకు తెలుసు.

మీ చెల్లెలు.


బేకరీ వెనక వీధి.

కీచూ,

నేనెందుకు రావాలి? వెళ్ళింది నువ్వు.

ఇదే జవాబు.

నీ టికెట్టు ఎవడిక్కావాలి. కొనుక్కున్నాను, మీ వదినకి కూడా. ముందు వరస.

నీ అన్న.


లాడ్జి గది,
టౌన్ హాలు ఎదురు సందు.

అన్నయ్యా,

నీకు సిగ్గుందా?

నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. నువ్వు వచ్చి కూర్చోవడం చూశాను. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. మొదటి పాటకి కదల్లేదు. రెండో పాటకి వదిన నవ్వుతుంటే మోచేత్తో పొడిచావు, అదీ చూశాను. సరే, కూర్చుంటాడు, వయసుతో పాటు కాస్త బుద్ధి వచ్చింది అనుకున్నాను. నాదే తప్పు.

మూడో పాట. హాల్లో సూది పడితే వినబడే నిశ్శబ్దం. నా వేషం కట్టిన అమ్మాయి సంచీతో తలుపు ఇవతల. మా లావాటి గాయకుడు అన్న వేషంలో తలుపు అవతల. వాడు గడియ లాగాడు. చప్పుడు. ఆ చప్పుడు కోసం ఎన్ని గడియలు మార్చామో నీకేం తెలుసు. అమ్మాయి "గడియ పడిన గడియలోనే" అని ఎత్తుకుంది. ఇక్కడే, ప్రతి ఊళ్ళో, ఎవరో ఒకరు ముక్కు చీదుతారు.

నువ్వు లేచి నిలబడ్డావు.

"తోసి చూడవే మొద్దూ!"

పొయ్యి దగ్గర ట్రేల కోసం అరిచే గొంతు. హాలు చివర వాచ్‌మన్ కూడా లేచి నిలబడ్డాడట.

ఆ పిల్లకి పాపం ఇరవై నిండలేదు. ఈ నాటకంలో ఎవరు ఎక్కడినుంచైనా పాడతారు కదా, నేనేదో కొత్తగా పెట్టాననుకుంది. పాట మధ్యలో ఆపి వెనక్కి తిరిగి తోసింది.

తెరుచుకుంది.

అవతల మా లావాటివాడు తన పని అయిపోయిందని స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పేసి, ఫ్లాస్కు ఎత్తి టీ తాగుతున్నాడు. ఫ్లాస్కు మూతి దగ్గర ఉండగానే అలాగే బిగుసుకుపోయాడు. అమ్మాయి వాణ్ణి చూసింది. వాడు అమ్మాయిని చూశాడు. "తాగుతావా?" అన్నాడు.

హాలు పగలబడి నవ్వింది. పగలబడి! నా పాటకి! స్నానాల గది పెళ్ళికొడుక్కి కూడా అంత నవ్వలేదు. మిగిలిన చరణం ఎవరు పాడతారు? తలుపు తెరిచి ఉంటే వెనక్కి తిరగనని ఎలా పాడుతుంది? వాయిద్యాల వాళ్ళు అయోమయంగా నన్ను చూస్తున్నారు. నేను తెర దించమన్నాను.

పొద్దున పేపర్లో ఏం రాశారో తెలుసా? "మూడో పాటలోని హాస్యం అద్భుతం" అని రాశారు.

ఇన్నేళ్ళు ఆ పాటని గుండెలో పెట్టుకు మోశాను. నువ్వొచ్చి మూడు మాటల్లో దాన్ని టీ కొట్టు చేశావు. గడియ పెట్టినప్పుడు కూడా నువ్వంటే ఇంత అసహ్యం వెయ్యలేదు.

మాట్లాడటానికి తెర వెనక్కి వస్తావేమో అనుకున్నాను. రాలేదు. వస్తే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. రాకపోవడమే నీకు అలవాటు.

చెల్లెలు.


బేకరీ వెనక వీధి.

కీచూ,

మీరు పోయి నువ్వు వచ్చింది. అదొక్కటి బాగుంది.

అరవాలని వెళ్ళలేదు. నోరు మూసుకునే కూర్చుందామనుకున్నాను. నమ్మకపోతే మీ వదినని అడుగు. కానీ ఆ పిల్ల అలా సంచీ పట్టుకుని, గుమ్మం వైపు వీపు పెట్టి నిలబడింది చూడు, నీ నిలబడ్డమే అది. ఒక భుజం దించి. అది నువ్వే నేర్పి ఉంటావు. నా నోరు నా మాట వినలేదు.

తెరుచుకుందా లేదా? అది చెప్పు ముందు. నువ్వు రాసిన నాలుగు పేజీల తిట్లూ పక్కన పెట్టి అది చెప్పు. గడియ లాగాడు. చప్పుడొచ్చింది. నువ్వు విన్నావు, నేను విన్నాను, హాలంతా విన్నది. పిల్ల తోసింది, తెరుచుకుంది. నేను చెప్తే కథ అన్నావు. ఇప్పుడు నీ సొంత స్టేజీ మీద, నీ సొంత తలుపు, నీ జనం ముందే సాక్ష్యం చెప్పింది. దాన్ని కూడా అబద్ధాలకోరు అను.

మీ వదిన ఇంటికొచ్చాక కూడా నవ్వుతూనే ఉంది. నేను అరిచానని కాదట. "తాగుతావా?" అన్నాడే, దానికట. "ఆ రోజు అది తోసి ఉంటే మీరూ అదే అనేవారు" అంటోంది. నేను టీ తాగనని ఆవిడకి తెలిసీ అంటోంది.

బేకరీలో ఇప్పుడు ఎవరూ రేడియో తగ్గించడం లేదు. లెక్కల మాస్టారు మాత్రం, "మీ చెల్లెలు మొహం ఎలా ఉందో చూశారా, తెర సందులోంచి కనబడింది" అన్నాడు. నేను అడగలేదు, ఎలా ఉందని. ఆయనే చెప్పాడు. వినకుండా లేచి వచ్చేశాను.

తెర వెనక్కి నేనెందుకు రావాలి? ముందు వరసలోనే ఉన్నాను. కళ్ళ ముందే.

అన్న.


రిహార్సల్ గది.

అన్నయ్యా,

సంతోషపడింది చాలు. దిగు.

ఆ తలుపు ఎందుకు తెరుచుకుందో కనుక్కున్నాను. చట్రానికి గడియ దూరే రింగే లేదు. వడ్రంగిని పిలిచి దులిపేశాను. "చప్పుడు కావాలన్నారు, చప్పుడు వస్తోంది కదమ్మా. తలుపు మూసుకోవాలని ఎవరన్నారు?" అన్నాడు. నీ ఉత్తరంలో మాట వాడికెవరు చెప్పారు?

రింగు పెట్టించాను. గట్టిది. ఇప్పుడు గడియ దూరుతుంది, పడుతుంది. నువ్వు వచ్చి అరిచినా, గునపంతో పొడిచినా తెరుచుకోదు. మా లావాటివాడికి టీ బంద్.

దాంతో పాట మళ్ళీ నాదవుతుంది అనుకున్నాను. కాలేదు. దానికీ నువ్వే కారణం.

ఆ పిల్ల తోస్తోంది. తొయ్యమని ఎవరూ చెప్పలేదు. పై ఊళ్ళో మొదటిరోజు, చప్పుడు వినగానే, పాట ఎత్తుకోకుండా, వెనక్కి తిరిగి అరచేత్తో తోసింది. తెరుచుకోలేదు. ఇంకోసారి తోసింది, ఈసారి భుజంతో. అప్పుడు సంచీ తీసుకుని పాడింది. తెర పడ్డాక గట్టిగా కేకలేశాను, "పాటలో లేనిది ఎందుకు చేస్తున్నావు?" అని. "తొయ్యకుండా ఎలా వెళ్ళిపోతానమ్మా? కాళ్ళు కదలడం లేదు" అంది.

తొయ్యకుండా ఎలా వెళ్తానని నన్నడుగుతోంది, ఆ వేలెడంత పిల్ల.

జనం ఇప్పుడు ముక్కు చీదడం లేదు. చప్పట్లు కూడా కాసేపటికి గానీ మొదలవడం లేదు. పాట బాగుపడింది. నేను రాసినదానికంటే బాగుంది. ఇది నీకు రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే అది ఇప్పుడు నా పాట కాదు. నేను తొయ్యలేదు. తోసిన పిల్ల పాట అది. నా పాట నువ్వు పాడు చేశావు, చేసి దాన్ని బాగు చేశావు. ఈ పాపం నీ తల మీదే.

నువ్వు రెండుసార్లు ఒకటే రాశావు, "నేనెందుకు రావాలి" అని. అయితే నువ్వూ ఒకటి విను. ఆ సాయంత్రం నేను వీధి మలుపులో కుళాయి దగ్గర నిలబడ్డాను. సంచీ కింద పెట్టి నిలబడ్డాను. వీధి దీపాలు వెలిగే దాకా. నాన్న మిషను అక్కడిదాకా వినిపిస్తూనే ఉంది. నువ్వు వస్తావని నిలబడ్డాను. ఇది పాటలో పెట్టలేదు, ఎక్కడా చెప్పలేదు. నీ గడియ కథ నిజమైనా అబద్ధమైనా, ఇది మాత్రం నిజం. నువ్వు రాలేదు.

వచ్చే వారం మేము ఇంకో ఊరికి పోవాలి. మీ ఊళ్ళో రైలు మారాలి, మధ్యలో ఒక పూట ఖాళీ. అందరూ లాడ్జిలో దిగుతారు. నేను స్టేషనులోనే కూర్చుంటాను.

చెల్లెలు.


బేకరీ వెనక వీధి,
మెట్ల పైన వాటా.

కీచూ,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. కుళాయి గురించి రాసిన ముక్క మీ వదిన చదివి వినిపించమంటే వినిపించలేదు. అక్కడ అక్షరాలు అలుక్కుపోయాయని చెప్పాను. "మీరు అలుక్కుపోయారు" అంది. ఈవిడతో వేగలేకపోతున్నాను.

తలుపు వెనకాల నేను ఎంతసేపు ఉన్నానో రాయను. నువ్వు రాశావని నేను రాయాలా?

నిలబడ్డావు సరే. తొయ్యలేదు. నిలబడటానికి అంత ఓపిక ఉన్నదానివి, వెనక్కి నాలుగు అడుగులు వెయ్యడానికి ఏమొచ్చింది? నీ తల పొగరు నాన్నది. నాది కాదు. నాకు అమ్మ పోలిక.

ఆ రింగు పీకించెయ్యి అని రాద్దామనుకున్నాను. వద్దులే. ఉండనీ. ఆ పిల్ల నీకంటే నయం, అది తోస్తుంది. దానికి నా పేరు చెప్పి ఒక బన్ను కొనిపెట్టు, మా బేకరీది కాకపోతే గట్టిగా ఉంటుంది, అయినా కొనిపెట్టు. ఆ పాట బాగుంది.

ఒత్తు మర్చిపోయాను. పెట్టుకో.

స్టేషనులో కూర్చుంటానన్నావు. కూర్చో. అక్కడి బెంచీలకి నల్లులున్నాయి. నేను స్టేషనుకి రాను, నా మోకాళ్ళు అంత దూరం నడవనివ్వవు. నువ్వు ఇంటికి రాకపోతే మాత్రం ఇంకో పాఠ కట్టకు, చెప్తున్నాను, ఈసారి హాలుకి రాను, నేరుగా రేడియోకే పోతాను.

వస్తే, బేకరీ ముందు రిక్షా దిగి వెనక వీధిలోకి తిరుగు. మలుపులో నిలబడకు. అక్కడ డ్రైనేజీ పొంగుతోంది. తిన్నగా వచ్చెయ్యి.

మా వాటా తలుపు సంగతి ఒకటి చెప్పాలి. ఇంటాయన కొత్త తాళం పెట్టించాడు. అది పనికిమాలినది. తలుపు చేరవేసి ఉన్నా, గాలికి కదిలిందంటే ఠక్కుమని లోపల తాళం పడ్డట్టే చప్పుడు చేస్తుంది. పడదు. ఉత్త చప్పుడు. నువ్వు చప్పుడు విని మెట్లు దిగిపోయే రకం.

తోసి చూడు.

అన్న.